శుక్రారం లాగుడు

ఉరవకొండలో మూతబడిన చెనిక్కాయల మిల్లు మాది.
మాదంటే, సాయంత్రం ఐదు నించి ఎనిమిది దాకా.
యంత్రాలు ఎప్పుడో ఎత్తకపోయినారు,
గోడలు మాత్రం ఇంకా నూనె వాసన.
బరువు కింద పడినప్పుడల్లా
నేల పగుల్లోనించి ఒక పొట్టు లేస్తాది,
ఏ యేటి పంటదో.

సోమారం స్నాచ్, బుధారం జర్కు,
శుక్రారం ఉత్త లాగుడే.
నెత్తి మీదికి ఎత్తేది లేదు.
నేల నించి నడుము దాకా,
మళ్ళా నేల మీదికి.
కిటికీలో కూచునే పిల్లగాళ్ళు కూడా
శుక్రారం రారు.

బొటనవేలు కడ్డీకి ఆనించి
దాని మీద మిగతా వేళ్ళు కప్పల్ల.
మొదటి నెల నొప్పి, తరవాత గోరు నలుపు,
ఆ తరవాత అది వేలు కాదు, కొక్కెం.
"చేతులు తాళ్ళనుకో వన్నూరమ్మా,
తాడుకు యాడన్నా మోచెయ్యి ఉంటాదా?"
కుళ్లాయప్ప సారుది గుంతకల్లు రైల్వే.
మోకాళ్ళు రెండూ పోయినా గొంతు పోలేదు.

నాది ఒకటే తప్పు. గుంజుతాను.
కడ్డీ నేల విడవకముందే నడుము లేస్తాది,
వీపు వంగి, భారం ముందుకు జారి
మోకాలి కాడ దారి తప్పుతాది.
"గుంజుడు వేరే, లాగుడు వేరే."
పదిసార్లు చెప్పినాడు.
ఎనభై కిలోల మీద పదకొండోసారి
ఏమీ చెప్పకుండా టీకి పోయినాడు.

ఆదివారం అమ్మ వెంట కూలికి పోతి,
రాకెట్ల దావలో చెట్టు పీకను.
వాన పోయి ఇరవై దినాలు, ఎర్రనేల ఇటుకైంది.
నేను పట్టి గుంజితే
ఆకు వచ్చింది, కాడ వచ్చింది,
కాయలు నేల్లోనే ఉండిపాయ.
"ఎవరి మీద కోపం నీకు?" అనింది అమ్మ.
చెట్టును మొదట్లో పట్టుకునింది.
మడమలు దిగ్గొట్టి, వీపు పలక మాదిరి పెట్టి,
మెల్లగా ఒళ్ళంతా వెనక్కి వాల్చింది.
ఏమీ జరగలేదు.
ఇంకా ఏమీ జరగలేదు.
లోపల యాడనో
ఊడలు తెగకుండా మన్ను పట్టు వదిలింది.
నాకు తెలీలేదు, ఆమె అరచేతికి తెలిసింది.
అప్పుడు ఒక్క విసురు.
గుత్తి మొత్తం గాల్లో, దుమ్ము నా కండ్లల్లో.

సారు నోటుబుక్కులో
మూడేసి సార్లు, ఐదు వరసలు,
నడుమ మూడు నిమిషాలు ఆగల్ల అని ఉంటాది.
అమ్మకు ఆగేది సాలు మలిగే కాడ,
అదీ మేస్త్రీ బీడీ అంటిచ్చుకుంటే.
నూరు చెట్ల దాకా లెక్కబెట్టి
నేను లెక్క మానేసినాను.

ఈ శుక్రారం తొంభై రెండు.
అమ్మ వచ్చింది, నన్ను చూడను కాదు, బస్సు తప్పి.
గడప కాడ చెప్పులు విడిచి నిలబడింది.
నేను కడ్డీ సంగతి మరిచి
కాళ్ళ కింది నేలను తోసినాను.
ఏమీ జరగలేదు. తోస్తానే ఉన్నాను.
కడ్డీ పిక్కలను రాసుకుంటా లేసింది,
మోకాలు దాటింది, తొడ మీదికి వచ్చినాక
విసిరినాను.
భుజాలు చెవుల దాకా, మడమలు గాల్లో.
సారు టీ గ్లాసు కింద పెట్టినాడు.
ఆయన మెచ్చుకోలు అంతే.

"మీదికెత్తవా?" అనింది అమ్మ.
"ఈ పొద్దు లాగుడే మా."
"ఇంత చేసి మళ్ళా కిందనే పెడతావా?"
ఆమెకు మనసొప్పలేదు.
"దీనికి కూలెంత?" అని సారును అడిగింది.
సారు మోకాలు రుద్దుకున్నాడు.
నా బొటనవేలు పట్టుకోని వెలుతురుకు తిప్పింది,
తన వేలు పక్కన పెట్టి చూసుకునింది.
"నాది కడిగితే పోతాది," అనింది.

బస్సుకు ఇంకా గంట ఉంది.
గోడ వారగా కూచోని
పగుల్లోనించి లేసిన కాయనొకదాన్ని ఏరి
గోటితో చీల్చి చూసింది.
లోపల ఏమీ లేదు.
నేను కడ్డీకి ఇంకో ఐదు కిలోలు వేసినాను.